చుక్కల మీద స్క్రూలు

"మళ్లీ పది నిమిషాలకే ఆగిపోయింది రషీద్," అంటూ బిందుమాధవి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టింది. బాన్సువాడలో అతని రిపేరు కొట్టుకి రావడం ఈ వారంలో ఇది మూడోసారి. ఈసారి మొగుడు హరనాథబాబు కూడా వెంటబడి వచ్చాడు, వర్ని నుంచి దారంతా పళ్లు నూరుకుంటూ.

"కూసోండ్రి అన్నా. అక్కా, ఇగ నువ్వే ఇప్పు," అని రషీద్ స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చాడు.

ఆ చనువు చూసి హరనాథబాబుకి కడుపు మండింది. "బాగుచేసేది నువ్వా, మా ఆవిడా?"

రషీద్ నవ్వుతూ బల్ల మీది లైటు ఆమె వైపు తిప్పాడు. బిందుమాధవి పాత పేపరు మీద పెన్నుతో ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టింది. ఏ మూల స్క్రూ తీస్తే ఆ మూల చుక్క మీద ఉంచింది. అడుగు మూత ఎత్తి, ఫ్యాన్ పక్క సందులో ఉండగట్టిన దుమ్ముని పిన్నీసుతో లాగింది.

"వడ్ల దుమ్ము. అమ్మినవాళ్లది రైసుమిల్లు కదా. గాలాడక వేడెక్కి ఆగిపోతోంది."

"రెండుసార్లు చూసినా నాకు దొరకలే అన్నా," అన్నాడు రషీద్. "స్క్రూలు గిట్ల పెట్టుడు గూడ అక్కనే నేర్పింది."

హరనాథబాబు చూపు రషీద్ మీంచి ఆమె వేళ్ల మీదికి జారింది. మూణ్ణెల్ల కిందట మిక్సీ ఆగిపోతే, ఆమె చేతిలోంచి లాక్కుని తనే ఊడదీశాడు. అది ఇప్పటికీ ముక్కలుగా అటక మీదే ఉంది. కడుపుమంట తగ్గలేదు గానీ, ఇప్పుడది రషీద్ మీద కాదు.

"ఇంట్ల గూడ అన్నీ నువ్వే బాగుచేస్తవా అక్కా?"

"లేదు," అంది బిందుమాధవి తలెత్తకుండా. "ఇంట్లో స్క్రూడ్రైవర్ ఆయన దగ్గరుంటుంది."