రెండు వేల మీటర్లు

“చేతుల్తోని గుంజకండి అంకుల్. ముందు కాళ్లతోని తొయ్యాలె.”

మహీధర్ కూర్చున్నది, పడవకు తెడ్డు వేసినట్టు పిడి లాగే రోయింగ్ మెషీన్ మీద. ఆయాసంతో పిడి వదిలేశాడు. గొలుసు గిర్రున లోపలికి పోయింది. ఎదురుగా తెర మీద ఇంకా సగానికి పైగా మీటర్లు మిగిలే ఉన్నాయి.

“రెండు వేల మీటర్లు అని చెప్పిన గదా,” అన్నది వైశాలి. “మీరు సగంల్నే పడవ దిగిన్రు.”

“నీళ్లే లేవు, పడవ ఎక్కడిది బిడ్డా?”

“నీళ్లు లేవు గనకనే మునగలేదు మీరు.”

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, చెప్పుల దుకాణం పైన ఉంది ఆ జిమ్. వైశాలి అక్కడ ట్రైనర్. మహీధర్ లక్డీకాపూల్‌లో సర్కారు ఉద్యోగి. యాభై దాటాయి. జుట్టు పలచబడింది, చొక్కా గుండీలు పొట్ట దగ్గర పెట్టుకోవడం కష్టమైంది. ఇలాంటి మనిషి జిమ్‌లో ఎందుకు చేరాడని ఎవరూ అడగరు. అతన్నీ అడగలేదు.

అసలు సంగతి వేరే. వైశాలి అతని సొంత అక్క అహల్య కూతురు.

మహీధర్ పెళ్లి భోజనాల్లో బావ తరఫు వాళ్లను రెండో బంతిలో కూర్చోబెట్టారని మాటా మాటా పెరిగింది. అహల్య తినకుండానే లేచింది. ఒకటో తరగతి చదువుతున్న కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె పలకరిస్తే పలకరిద్దామని అతను, అతను పలకరిస్తే చూద్దామని ఆమె అలాగే ఉండిపోయారు. అతనిల్లు కాచిగూడలో, ఆమెది నాంపల్లిలో. నడిచి వెళ్లేంత దూరమే.

ఈమధ్య చుట్టాలావిడ ఒకామె కనబడి, వైశాలికి పెళ్లి కుదిరిందనీ, ఫలానా జిమ్‌లో పనిచేస్తోందనీ చెప్పింది. తనకు పిలుపు రాదని మహీధర్‌కు తెలుసు. పిల్లను ఒక్కసారి కళ్లారా చూసి వద్దామని మెట్లెక్కాడు. “ఏం కావాలె అంకుల్?” అంటూ ఆ పిల్లే ఎదురొచ్చేసరికి తడబడి, చేరడానికి వచ్చానన్నాడు. పేరడిగితే ఆఫీసులో తన పక్క సీటు తాతారావు పేరు చెప్పాడు.

ఆ పేరుకు పలకడం మెషీన్ లాగడం కన్నా కష్టమైంది.

“తాతారావు అంకుల్,” అని ఆమె పిలిస్తే తను కానట్టే కూర్చునేవాడు. రెండోసారి పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

“చెవులు గూడ చూపించుకోండి జర,” అనేది వైశాలి.

ఒకరోజు బతిమాలాడు. “నేను గా ట్రెడ్‌మిల్ మీద నడుస్త బిడ్డా. జర పానానికి హాయిగుంటది.”

“నడక రోడ్డు మీద గూడ నడవొచ్చు. మీకు కాళ్లు, నడుము గట్టిపడాలె. కూసోండి.”

ఇంకోరోజు, తొందరగా బలం వస్తుందని మెషీన్ పక్కన బరువు పెంచే మీటను పైదాకా తోశాడు. ఆమె వెంటనే కిందికి దించింది.

“గిది ఎక్కువ పెట్టుకుంటే నడుము పోతది. తక్కువల పెట్టి గట్టిగ తొయ్యండి.”

కొంచెంసేపు జోరుగా, కొంచెంసేపు నెమ్మదిగా లాగించేది. వీపు వంగితే వేలితో పొడిచేది. మిగతావాళ్లకు ఒకసారి చెప్పి వదిలేసే పిల్ల, అతని పక్క నుంచి మాత్రం కదిలేది కాదు. తన ఒళ్లు అంత పాడైందన్నమాట అని మహీధర్ దిగులుపడ్డాడు.

రోజులు గడిచాయి. ఆఫీసు మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాడు. ‘నేను మీ మామనమ్మా’ అన్న మాట రోజూ గొంతుదాకా వచ్చేది. అదే సమయానికి వైశాలి, “ఊపిరి ఆపకండి,” అనేది.

పెళ్లి దగ్గరపడ్డాక ఉండబట్టలేక అడిగాడు. “పెండ్లంట గదా బిడ్డా?”

“మీకెవరు చెప్పిన్రు?”

“కింద చెప్పుల దుకాణమాయన.”

“ఔ అంకుల్. గీ ఆదివారమే. నాంపల్లి స్టేషన్ కాడ ఫంక్షన్ హాల్ల.”

“మీ అమ్మ సంబరంగ ఉన్నదా?”

“ఆమెకేంది, ఎవరో ఒకరి మీద కోపం జేస్తనే ఉంటది.”

అక్క ఏం మారలేదు. నవ్వొచ్చినా మహీధర్ ఆపుకున్నాడు. ఆదివారం హాలు ఎదుట రోడ్డు అవతల నిలబడి, దూరం నుంచే అక్షింతలు వేసినట్టు అనుకుని వచ్చేద్దామనుకున్నాడు.

గురువారం పొద్దున వైశాలి మళ్లీ పరీక్ష పెట్టింది. అవే రెండు వేల మీటర్లు. సగం దాటేసరికి అతని తొడలు మండాయి. చెమట కళ్లలోకి కారింది.

“ఆగొద్దు. కాళ్లు, నడుము, అటెనక చేతులు. గట్లనే.”

ఆమె గొంతే పట్టుకుని తోశాడు. మిగిలిన మీటర్లు వందల్లోకి, తర్వాత పదుల్లోకి దిగి, సున్నా దగ్గర ఆగాయి. మహీధర్ పిడి మీద వాలిపోయి నవ్వాడు. వైశాలి చప్పట్లు కొట్టింది. నీళ్ల సీసా తెచ్చిచ్చింది.

“పాసైన్రు. రేపు, ఎల్లుండి ఏం చెయ్యకండి. రెస్టు తీసుకోండి. ఇప్పుడు మీ నడుము పట్టుకుంటే నాకే కష్టం.”

“నీకేం కష్టం బిడ్డా?”

“అమ్మకు గూడ ఫికరే. మీరు ఎంతవరకు వచ్చిన్రని రోజూ అడుగుతున్నది.”

సీసా అతని నోటి దగ్గరే ఆగిపోయింది. “మీ అమ్మనా? నా సంగతి ఆమెకెందుకు?”

వైశాలి అతని భుజం మీది తువ్వాలు తీసి, నుదుటి చెమట తుడిచింది.

“ఇంట్ల ఫొటోల జూసిన మొకమే గదా, మొదటి దినమే గుర్తుపట్టిన. ఆదివారం పెండ్లిబుట్టల కూసోబెట్టి నన్ను మోసేది మీరే గదా, మామయ్యా.”