ఒకే ఒక్క పచ్చ మొక్క

“ఏమోయ్, ఇది చచ్చిందో, నీ పీహెచ్‌డీకి నీళ్లొదులుకో,” అంది మా గైడ్ మేడమ్.

నా ముందున్నది వరిమొక్క. పుప్పొడి తిత్తుల్ని గాజుపళ్లేల్లో పెంచి, ఏళ్లు పట్టే కొత్త వంగడాన్ని చిటికెలో సాధిద్దామని మేం తలపెట్టిన మహాయజ్ఞంలో మొలిచినవన్నీ బతకని తెల్ల మొక్కలే. పచ్చగా వచ్చింది ఇదొక్కటే. అదీ సగం క్రోమోజోములతో పుట్టింది కాబట్టి గింజ కట్టదు. క్రోమోజోముల్ని రెట్టింపు చేసే విషపు మందులో పొద్దున్నుంచీ మొక్క వేళ్లు నానుతున్నాయి. ఇప్పుడు తీసి, కడిగి, నాటాలి.

చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. వేళ్లు కడిగి, కుండీలో నాటి, మట్టి సర్దేదాకా తలెత్తలేదు.

మేడమ్ ఫక్కున నవ్వింది. “అంత భయమెందుకోయ్? మందులో పెట్టకముందే దీన్నుంచి ఒక పిలక విడదీసి దాచాను. ఇది పోతే అదుంది.”

“ఆ ముక్క ముందే చెబితే మీ సొమ్మేం పోయేది మేడమ్?”

“చెబితే ఇంత జాగ్రత్తగా చేసేవాడివా? రా, చూపిస్తా.”

ప్రాణం లేచొచ్చింది. కుండీని ఒంటిచేత్తో ఊపుకుంటూ, ఈల వేసుకుంటూ ఆవిడ వెనకే నడిచాను.

మొక్కలు పెంచే గది తలుపు తీసి, వెనక అరలోంచి చిన్న కుండీ బయటికి లాగింది. అందులో పిలక ఎండిన గడ్డిపోచలా వాలిపోయి ఉంది.

మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా నావైపు తిరిగింది.

“నాన్నా,” అంది, నన్నెన్నడూ అలా పిలవని మనిషి. “ఆ కుండీ ఊపకు.”