బోర్లాపడ్డ ఎర్ర బొత్తాం

"డబ్బా చూపించు బాబూ."

ప్రతి ఆదివారం పొద్దున్నే, షట్టరు సగం ఎత్తీ ఎత్తకముందే ఆ గొంతు వినిపించేది.

మాంసం కొట్టాయనకి ఇప్పుడు జుట్టు నెరిసింది. కొట్లోకి చల్లదనం ఎంతుందో అంకెల్లో చూపించే ఫ్రీజర్లు వచ్చాయి. కరెంటు పోతే ఫోనుకి కబురొస్తుంది. అయినా పాత రోజులు తలుచుకుంటే అతనికి ముందు గుర్తొచ్చేది ఆ గొంతే.

అప్పట్లో ఉన్నది ఒక్కటే ఫ్రీజరు. పైకి మూత ఎత్తే రకం, రోజంతా గురకపెడుతూ ఉండేది. దాని మూలన నిలువు గోడల చిన్న స్టీలు డబ్బా, అందులో గడ్డకట్టిన నీళ్లు. ఆ గడ్డ మీద ఒక బొత్తాం. ఇత్తడిది, ముందువైపు ఎర్ర రంగు పూసిన పువ్వు.

అది వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి.

"మనం లేనప్పుడు కరెంటు పోయి మళ్లీ వచ్చిందనుకో, మాంసం మళ్లీ రాయిలా అయిపోతుంది. పైకి చూస్తే ఏం తెలీదు. ఈ నీళ్లు కరిగితే మాత్రం బొత్తాం అడుక్కి పోతుంది. అదే సాక్ష్యం," అనేవాడు నాన్న.

"కాస్తే కరిగితే?"

"ముక్క మధ్యలో మంచు పలుకులుండి, చేతికి జిల్లుమంటే ఫరవాలేదు, మళ్లీ గడ్డకట్టించొచ్చు. మెత్తబడి చల్లదనం పోయిందా, ఇంకేం ఆలోచించకు, పారేసెయ్."

మంచాన పడ్డాక ఆయన కొడుకుని అడిగింది ఒకే ఒక్కటి.

"ఆవిడ డబ్బా చూపించమంటే ఎప్పుడూ కాదనకురా."

ఆదివారాలు వచ్చే ఆ ముసలావిడ ఎవరో, ఎందుకలా అడుగుతుందో చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు.

కొనేది అరకిలో, తనిఖీ చేసేది కొట్టంతా! కొడుక్కి ఒళ్లు మండేది. ఆవిడకి 'బొత్తాం మామ్మ' అని పేరు పెట్టాడు.

"ఏం మామ్మా, కొట్టు నీ పేర రాసిచ్చేయమంటావా?" అని వేళాకోళమాడేవాడు.

"నాకెందుకు బాబూ, నువ్వే చల్లగా నడుపుకో," అనేది మామ్మ, నవ్వకుండా.

ఒకసారి శనివారం మధ్యాహ్నమే కొట్టు కట్టేసి, స్నేహితుడి పెళ్లికి వెళ్లొచ్చాడు. ఆదివారం పొద్దున ఫ్రీజరు మూత ఎత్తాడు.

మాంసం రాయిలానే ఉంది. బొత్తాం మాత్రం డబ్బా అడుక్కి చేరింది.

ఎదురుగా పద్నాలుగు పొట్లాలు. పక్కవీధి హాస్టల్లో అరవైమంది పిల్లలకి వండటానికి పెట్టుంచినవి. ఎనిమిదింటికల్లా వంటాయన వచ్చేస్తాడు. ఎన్నాళ్లో తిరిగితే దొరికిన బేరం, ఇది పోతే కొట్టుకి తాళమే.

'రాయిలా ఉందిగా, ఏం కాదులే,' అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

డబ్బాని కుళాయి కింద పట్టాడు. మంచుగడ్డ జారి చేతిలోకొచ్చింది. దాన్ని తలకిందులు చేసి మళ్లీ డబ్బాలో దూర్చాడు. బొత్తాం ఎంచక్కా పైకొచ్చేసింది.

"డబ్బా చూపించు బాబూ."

దర్జాగా చూపించాడు.

మామ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"పువ్వు కనపడటం లేదేంటి బాబూ? బొత్తాం వీపు కనపడుతోంది."

"అదా... మొన్న తీసి తుడిచాను మామ్మా. బోర్లాపడినట్టుంది."

మామ్మ తలెత్తి అతని కళ్లలోకి చూసింది. అతను చూపు తిప్పేసుకున్నాడు.

"ఆ పొట్లాలెన్ని?"

"పద్నాలుగు. అవి హాస్టల్‌వి."

"అన్నీ నాకిచ్చెయ్. మా ఇంటికి చుట్టాలొచ్చారు. హాస్టలుకి కొత్త సరుకు తెప్పించి పంపు."

బేరమాడలేదు. సంచీలో ఉన్నదంతా బల్లమీద గుమ్మరించింది.

నెత్తిన పాలుపోసినట్టయింది అతనికి. పొట్లాలన్నీ తనే మోసుకెళ్లి ఆవిడ గుమ్మంలో పెట్టొచ్చాడు. గుమ్మం ముందు ఒక్క జత చెప్పులు కూడా లేవు. చుట్టాలు ఏరీ అని అడగాలనిపించింది. అడగలేదు.

తర్వాతి ఆదివారం మామ్మ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

షట్టరు ఎత్తుతూ చెవులు రిక్కించడం అతనికి అలవాటైపోయింది. మూడో వారం ఇక ఉండబట్టలేక, బొత్తాం జేబులో వేసుకుని, చేసిందంతా ఒప్పేసుకుందామని వెళ్లాడు.

తలుపు తీసింది మామ్మ చెల్లెలు.

"అక్క పోయి పది రోజులైంది బాబూ."

"ఆ... ఆ మాంసం తినా?"

"తినడమా! పద్నాలుగు పొట్లాలూ పెరట్లో గొయ్యి తీయించి పూడ్పించేసింది. తర్వాత వారానికి నిద్రలోనే పోయింది, పెద్దదైపోయిందిగా."

"అంతా తెలిసీ నన్ను నలుగురిలో ఎందుకు నిలదీయలేదండీ?"

"నేనూ అదే అడిగాను. ఆ కొట్టు మూతపడితే ఇంకొకడు తెరుస్తాడే, వాడు డబ్బా పెడతాడో లేదో అంది. నీ మొహం చూస్తే ఇంకెప్పుడూ ఆ పని చేయవనిపించిందట."

అతనికి ఏడుపు ఆగలేదు. జేబులోంచి బొత్తాం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత లోపలికెళ్లి, మడత నలగని చిన్న గౌను ఒకటి తెచ్చింది. ఆరేళ్ల పిల్లకి సరిపోయేది. దానికి మూడు ఎర్ర పువ్వుల బొత్తాలున్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట దారప్పోగు వేలాడుతోంది.

"ఎవరిదండీ ఇది?"

"అక్క కూతురిది, ఒక్కగానొక్క పిల్ల... కరెంటు పోయొచ్చిన సంగతి తెలియక మీ నాన్న అమ్మిన మాంసం తిని పోయింది బాబూ. ఆయనొచ్చి కాళ్లమీద పడితే, కేసూ పెట్టలేదు, తిట్టనూ లేదు, ఈ బొత్తాం తెంపి ఆయన చేతిలో పెట్టింది."