ఆఖరి చరణం

ఆ పిల్ల గొంతు స్పీకర్లో మొదలవగానే అండాలమ్మ స్టవ్ మంట పెంచింది. చాయ్ మరిగే చప్పుడులోనైనా ఆ పాట మునిగిపోతుందని ఆమె ఆశ.

మునగలేదు. గుళ్లో గంట కొట్టినట్టు ఆ గొంతు హాలంతా పరుచుకుంది. డప్పు నేర్చుకుంటున్న ఆడవాళ్లు చేతులాపి విన్నారు. వాళ్లంతా అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసేవాళ్లు. పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెట్టిన ఎల్బీనగర్ అపార్ట్‌మెంటు ముందు పోయిన నెలే నాటకం ఆడి, ఆ బోర్డు పీకించి వచ్చారు.

"ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుందండీ," అంది జ్యోతిక. మన్సూరాబాద్‌లోని ఆ 'గొంతుక' కళాకేంద్రాన్ని నడిపేది ఆమే. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన లెక్చరర్ గారి అమ్మాయి. "ముప్పై ఏళ్ల కిందట బాటసింగారం కంకర మిషను దగ్గర రికార్డు చేసిన క్యాసెట్టు. మీరు అప్పట్లో అటువైపే ఉండేవారు కదా అండాలమ్మగారూ, ఈ అమ్మాయిని ఎరగరూ?"

"ఎరుకే." నీళ్లు లేని బోరింగు కొట్టినట్టు గరగరమంటూ వస్తుంది అండాలమ్మ మాట. "మా బాటసింగారం పిల్లనే. మస్తు పొగరు దానికి."

"ఇప్పుడెక్కడుంది?"

"ఏమో బిడ్డా. ఎటు పాయెనో."

పన్నెండేళ్లుగా అండాలమ్మ ఈ హాలు ఊడుస్తోంది, చాయ్ పెడుతోంది. ఒక్కరోజూ ఒక్కరూ ఆమెను పాడమనలేదు. ఆ పిల్లతోపాటే కంకర మిషను దగ్గర తట్టలు మోసింది. ఆ పిల్ల తిన్న కంచంలోనే తిన్నది. దుమ్ము మాత్రం వచ్చి అండాలమ్మ గొంతులో దిగింది. దవాఖానల చుట్టూ తిరిగిందీ అండాలమ్మే. ఆ పిల్లకేం? పద్దెనిమిదేళ్ల మీద ఒక్కరోజు పెరగకుండా, క్యాసెట్లో కూర్చుని హాయిగా పాడుకుంటోంది.

ఒకరిని చూసి ఏడవకూడదంటారు. ఆ పాట విని అండాలమ్మ ఏడవని రోజు లేదు.

ఆ సాయంత్రమే స్థలం యజమాని మల్లేశం వచ్చాడు. మన్సూరాబాద్‌లో ఒకప్పుడు సగం పొలాలు వాళ్లవే. చాయ్ అందుకుంటూ నింపాదిగా చెప్పాడు.

"బిల్డర్ రోజొచ్చి కూసుంటున్నడు. మా పోరగాండ్లు గూడ అమ్ముడే అంటున్రు."

"ఈ హాలు పోతే వీళ్లంతా ఎక్కడికెళ్తారండీ?" అంది జ్యోతిక.

మల్లేశం స్పీకరు వైపు చూశాడు. "గా పాట మా మీదనే కట్టిన్రు, ఎరుకనా? గా కంకర మిషను మా నాయినది. గా పిల్ల పాడుతుంటె కట్టె పట్టుకొని ఉరికిచ్చింది నేనే. నాకిప్పుడు డెబ్బై. గామెను తోలుకరాండ్రి. నా ఎదురుంగ నిలవడితే తప్పయిందని చెప్పుకుంట. గప్పుడు గీ జాగ మీకే రాసిస్త. ఐతారం దాంక చూస్త."

"పేరు తెలిస్తే ఎక్కడున్నా పట్టుకొద్దుమండీ. పాటగాళ్లు ఆఖరి చరణంలో తమ పేరు చెప్పుకుంటారు కదా, సరిగ్గా అదే లేదు. రీలు దానంతటది తెగలేదట. ఎవరో బ్లేడుతో కోశారని టేపులు బాగుచేసే సాయినాథ్ చెప్పాడు."

"ఎవలకో కండ్లు మండినయి," అన్నాడు మల్లేశం.

అండాలమ్మ గ్లాసులు కడుగుతూ తల ఎత్తలేదు.

వారమంతా వెతికారు. బాటసింగారం వెళ్తే ఇప్పుడక్కడున్న పండ్ల మార్కెట్టు లారీలు తప్ప కంకర మిషను నాటి మనిషి ఒక్కరూ దొరకలేదు. ఎవరి నోట విన్నా ఆ పిల్లే. ఆ పిల్ల వస్తే కుర్చీ వేయాలి, ఆ పిల్లకు శాలువా కప్పాలి, హాలుకు ఆ పిల్ల పేరే పెట్టాలి. పన్నెండేళ్లు ఊడ్చిన మనిషి వాళ్ల మధ్యలోంచే చీపురు పట్టుకుని నడిచింది. ఒకరిద్దరు కాళ్లు పైకెత్తి దారిచ్చారు.

శనివారం ఆడవాళ్లు గోడ మేకుల నుంచి డప్పులు దించి గోనెసంచుల్లో సర్దారు. వాళ్లలో ఒకామె అండాలమ్మ పక్కన చతికిలబడింది.

"ఎల్లుండి సంది యాడ కూసుందం అక్కా?"

అండాలమ్మ లేచింది. లోపలికి వెళ్లి, చాపత్తా డబ్బా అడుగు నుంచి అగ్గిపెట్టె తీసింది. దాని చుట్టూ బారెడు నల్లటి రీలు చుట్టి ఉంది. తెచ్చి జ్యోతిక చేతిలో పెట్టింది.

"సాయినాథ్‌తోని అతికిపియ్యి."

జ్యోతిక రీలు కొసను లైటుకు పట్టి చూసింది. "మీరా కోసింది?"

"నేనే. క్యాసెట్టు ఈడికొచ్చిన రోజే, మీరెవ్వలు ఇనకముందే. దాని పేరు నా చెవిల పడొద్దని."

"అంత కోపమా ఆ అమ్మాయి మీద?"

"కోపం కాదు బిడ్డా. కుళ్లు."

ఆదివారం హాలు నిండిపోయింది. మల్లేశం ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు. పాట మొదలైంది. అండాలమ్మ ఈసారి మంట పెంచలేదు. స్టవ్ ఆపేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని, జనం మధ్యలోంచి నడిచి వచ్చి మల్లేశం కుర్చీకి ఎదురుగా నిలబడింది.

"జర పక్కకు జరుగు అండాలమ్మా," అన్నాడతను విసుగ్గా. "పేరొచ్చే టైమైంది, ఇననియ్యి."

ఆమె జరగలేదు.

స్పీకర్లో ఆ పిల్ల ఆఖరి చరణం ఎత్తుకుంది: "గొంతొక్కటే నాకు ఆస్తిర పటేలా, బాటసింగారం అండాలు నా పేరు పటేలా."