మిషను ఆపే తాడు

కోర్టు వరండాలో ఆమె చెప్పు పట్టీ ఊడింది.

కుడిచెయ్యి మోచేతి దాకా కట్టుతో మెడలో వేలాడుతోంది. ఎడమచేత్తో ఎంత తంటాలు పడ్డా బకిల్ పడటం లేదు.

బెంచీకి ఆ చివర కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. వంగి పట్టీ పెట్టాడు.

"అయ్యో, మీరు నా కాలు పట్టుకోవడమేంటండీ!"

"చెప్పు పట్టుకున్నానమ్మా, కాలు కాదు," అన్నాడాయన నవ్వకుండానే. కాస్త ఆగి అడిగాడు. "చేతికేమైంది?"

ఆమె చెప్పింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పదకొండేళ్లుగా పని. అక్కడ అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. దుప్పటి అంచు పట్టుకుని వేడి రోలర్ల మధ్యకి అందిస్తే, అవతల ముడతల్లేకుండా బయటికొస్తుంది. ఒకరోజు పొద్దున దుప్పటితో పాటు చెయ్యి కూడా వెళ్లింది.

"నిద్రపోయి చెయ్యి పెట్టానంటున్నారు కంపెనీవాళ్లు. తప్పంతా నాదేనట."

"నిద్రపోయావా?"

ఆమె దిగులంతా అదే.

ఆ పొద్దుటిని తలుచుకుంటే ఆవిరి తప్ప ఏమీ కనబడదు. తెల్లటి దుప్పట్లు మబ్బుల్లా ఒకదాని వెనక ఒకటి కదిలిపోతుంటాయి. రోలర్ల మోత ఎక్కడో దూరంగా ఎవరో పాడుతున్నట్టుంటుంది. పాదాలు నేలకి ఆనినట్టే ఉండదు. ఎవరో చెయ్యి పట్టుకుని మెల్లగా ఆ తెలుపులోకి తీసుకుపోతారు. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు.

అది జ్ఞాపకమో కలో ఆమెకే తెలియదు. కలే అయితే నిద్రపోయినట్టే కదా!

తర్వాతి వాయిదాకీ పెద్దాయన అదే బెంచీ మీద ఉన్నాడు.

"నువ్వు నిలబడే చోటికి మిషను ఆపే తాడు ఎంత దూరమమ్మా?"

"నెత్తిమీదే. చెయ్యెత్తితే అందుతుంది."

"ఏ చేత్తో లాగావు?"

"ఎడమ..."

అని ఆగిపోయింది.

ఆవిరి కాస్త పక్కకి తొలగినట్టయింది. ఎడమ అరచేతిలో నైలాన్ తాడు గరుకు. లాగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తాడు మెత్తగా, బరువే లేనట్టు, ఊరికే కిందికి జారి వచ్చేసింది. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి.

నిద్రలో ఉన్న మనిషి తాడు లాగదు.

"లాగాను," అంది. "లాగానండీ! అదే పనిచెయ్యలేదు."

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

మూడో వాయిదాకి చెల్లెలు తోడొచ్చింది.

"ఎవరక్కా ఆయన? ఇందాక గేటు దగ్గర మీ మేనేజరు ఆయనకి వంగి వంగి నమస్కారం పెడుతున్నాడు."

తాడు సంగతి లాయరుకన్నా ముందు చెప్పింది ఆయనకే!

నేరుగా వెళ్లి నిలదీసింది.

"మా మేనేజరు మీకు తెలుసా?"

"తెలుసు."

"మా లాండ్రీ?"

"తెలుసమ్మా."

"ఆ ముక్క ముందే చెప్పరేం? మంచివారిలా పక్కన చేరి నా నోటినుంచే కూపీ లాగుతారా? తండ్రిలాంటివారనుకున్నానే! ఇంకోసారి నా దగ్గరికొస్తే మర్యాదగా ఉండదు."

వరండాలో జనమంతా అటు తిరిగారు. పెద్దాయన లేచాడు. సంచీ తీసుకుని మెట్లవైపు నడిచాడు.

నాలుగో వాయిదా రోజున ఆమె ఆపరేషన్ బల్ల మీద ఉంది. తొడ దగ్గరి చర్మం తీసి చేతికి అతుకుతున్నారు. చెల్లెలు తలుపు బయట కూర్చుంది.

మత్తులో మళ్లీ అవే దుప్పట్లు. కానీ ఈసారి రోలర్లు ఆగిపోయి ఉన్నాయి. గదంతా నిశ్శబ్దం. దుప్పట్ల మధ్య ఆమె తాపీగా నడుస్తోంది. అవతల ఎవరో నిలబడ్డారు. ముఖం కనబడలేదు.

తీర్పు వచ్చేసరికి చేతి కట్టు విప్పేశారు. తప్పు ఆమెది కాదనీ, కంపెనీదేననీ జడ్జి చదువుతుంటే చెల్లెలు ఏడ్చింది. ఆమెకి ఏడుపు రాలేదు. పదకొండేళ్ల అలసట ఒక్కసారిగా దిగిపోయినట్టు, గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

"ఒక్క సాక్ష్యం కేసునే తిప్పేసిందమ్మా," అంది లాయరమ్మ వరండాలోకి వచ్చాక. "నువ్వు ఆపరేషన్‌లో ఉన్న రోజు. నీ పక్కన బెంచీ మీద కూర్చునేవారే, ఆ పెద్దాయన."

"ఆయనా? కంపెనీ మనిషి కాదూ?"

"నోరు విప్పొద్దని కంపెనీవాళ్లు ఆయన్ని బతిమాలని రోజు లేదు. సాక్ష్యం అయ్యేదాకా నీక్కూడా చెప్పొద్దని ఆయనే నన్ను కోరారు."

"నానా మాటలూ అన్నాను మేడం. ఎక్కడున్నారు? ఇప్పుడే వెళ్లి కలుస్తాను."

లాయరమ్మ కాగితాలు సర్దడం ఆపింది.

"జైల్లో ఉన్నారు. పోయిన నెలే శిక్ష పడింది. నిజం చెబితే మీ మెడకే చుట్టుకుంటుందని ముందే హెచ్చరించాను. 'ఆ అమ్మాయి నిద్రపోలేదు, అది అందరికీ తెలియాలి' అన్నారు. తనకోసం లాయర్ని కూడా పెట్టుకోలేదు."

"నాకోసం జైలుకెళ్లడమేంటి? నేనెవరిని ఆయనకి?"

లాయరమ్మ ఆమె చేతివంక ఒకసారి చూసి, మెల్లగా అంది:

"ఆపే తాడు పాడైందని తెలిసి కూడా, మిషను భద్రంగా ఉందని సంతకం పెట్టిన తనిఖీ అధికారి ఆయనేనమ్మా."