కూలి లేని మోత

మేస్త్రిగారి కొడుకు గంజాయి మానడానికి జిమ్ముకెళ్తున్నాడట, వాడు దారి తప్పకుండా అక్క వెంట కాపలా వెళ్తోందట. ఎదురింటి కుట్టుమిషనావిడ మేడమీదావిడతో అందట. మేడమీదావిడ పచారీ కొట్టులో అందట. కొట్టువాడు ఇంకెవరితోనూ అనకుండా నేరుగా మేస్త్రి బస్తాలు మోయించే గోడౌనుకే వచ్చి, హమాలీల ముందు అడిగేశాడు.

"ఇనుమెత్తితే పొగ దిగుతుందా మేస్త్రీ? ఇదేం వైద్యం?"

హమాలీలు బస్తాల చాటున నవ్వుకున్నారు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఆ మాట తనూ ఇంట్లో రోజూ అంటున్నదే. కానీ తనంటే తిట్టు, పరాయివాడంటే పరువు పోవడం.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మోత తప్ప మరోటి చూడని మనిషాయన. కొత్తగా పనికొచ్చినవాడి పేరు కూడా అడగడు. "చెయ్యి చూపించు" అంటాడు. అరచెయ్యి తడిమి, వీడు మోసేవాడు, వీడు మోస్తున్నట్టు నటించేవాడు అని తేల్చేస్తాడు. ఆ తీర్పు ఇంతవరకూ తప్పలేదు.

అలాంటివాడింట చీడ పుట్టింది. పిల్లలిద్దరూ వాడే స్కూటరు డిక్కీలో పొట్లం దొరికింది. తల్లి లబోదిబోమంది. "ఎవరిదిరా ఇది?" అని మేస్త్రి కొడుకు చొక్కా పట్టుకున్నాడు. వాడు నేలచూపులు చూస్తూ, "నాదే నాన్నా" అన్నాడు.

ఆ పూట కూతురు ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. తమ్ముడంటే ఎంత ప్రాణమో! ఆఫీసు మానుకుని మరీ డాక్టర్ని కలిసొచ్చింది. వారం వారం వెళ్ళి ఆయనతో మాట్లాడాలట. దాంతోపాటు బరువులెత్తాలట. మనసు పొగ మీదికి లాగినప్పుడు ఒంటికి గట్టి పని పెడితే ఆ లాగుడు తగ్గుతుందట.

"తగ్గుతుందని కాదు నాన్నా, తగ్గొచ్చని," అంది.

"బరువులెత్తడానికి ఎదురు డబ్బు కట్టాలా? మా గోడౌనుకి తోలు. ఎత్తినందుకు కూలి కూడా ఇస్తాను."

"అక్కడ అందరూ బీడీలు కాలుస్తారుగా," అని గొణిగాడు కొడుకు.

"నోర్మూయ్! వాళ్ళు బస్తా దించి కాలుస్తారు. నువ్వేం దించావురా?"

కొడుకు పెరట్లోకి జారుకున్నాడు.

అప్పట్నించీ సాయంత్రమైతే చాలు, ఇద్దరూ బయల్దేరేవారు. మేస్త్రి వరండాలో కూచుని సాగనంపేవాడు.

"తప్పుకోండి, తప్పుకోండి, మల్లయోధుడొస్తున్నాడు! ఒరేయ్, అక్క చెయ్యి వదలకు. గాలొస్తే ఎగిరిపోతావు."

తల్లి అడ్డమొస్తే, "కాకిపిల్ల కాకికి ముద్దు. నాకేం కర్మ?" అనేవాడు.

ఆయన బాధల్లా కూతురి గురించే. మొదట్లో ఆ పిల్లకి అన్నం సయించేది కాదు. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. పలకరిస్తే కసురుకునేది. తమ్ముడి బెంగ మరి. ఈమధ్యే కాస్త తేరుకుంది. మారు వడ్డించుకుంటోంది. మంచమెక్కితే మొద్దునిద్ర. "నీ వెనకాల తిరగలేక నా బిడ్డ హూనమైపోతోందిరా వెధవా" అని దానికీ కొడుకునే తిట్టాడు.

ఇవాళ గోడౌను నవ్వులు చెవుల్లో మోగుతుండగా ఇంటికొచ్చాడు. కొడుకు వరండాలో బూట్లు తొడుక్కుంటున్నాడు.

"చెయ్యి చూపించు."

"ఎందుకు నాన్నా?"

"చూపించరా!"

మేస్త్రి బొటనవేలితో తడిమాడు. వేళ్ళ మొదళ్ళలో ఒక్క కాయ లేదు. వెన్నముద్దలా ఉంది చెయ్యి. భుజాలకేసి చూశాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టే వేలాడుతోంది.

"ఏమే, ఇలా రా! నీ కొడుకు ఇనుము ముట్టనేలేదు. అక్క కళ్ళుగప్పి ఏ మూలో కూచుని పీలుస్తున్నాడు."

"అది కాదు నాన్నా..."

"ఒక్కమాట చెప్పు. ఎత్తుతున్నావా, లేదా?"

కొడుకు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "లేదు."

తల్లి గుమ్మంలోకొచ్చి నెత్తి కొట్టుకుంది. మేస్త్రి లోపలికెళ్ళి, వాడి బట్టలూ పుస్తకాలూ రేకుపెట్టెలో కుక్కి, ఈడ్చుకొచ్చి మెట్ల కిందికి దొర్లించాడు.

"దొంగనైనా భరిస్తాను గానీ అబద్ధాలకోరుని భరించను. మళ్ళీ ఈ గడప తొక్కావో, నా శవాన్ని దాటి తొక్కాలి!"

ఎదురింట్లో కుట్టుమిషను చప్పుడు ఆగింది.

కొడుకు మెట్లు దిగాడు. పెట్టె ఎత్తబోయాడు. జానెడు లేచి మళ్ళీ నేలకి కొట్టుకుంది.

"చూశారా, పెట్టె కూడా లేవదు!" అని మేస్త్రి వీధికేసి నవ్వాడు. "ఇన్నాళ్ళూ వీడు చేసిన కసరత్తు ఇదీ!"

లోపల్నించి కూతురు వచ్చింది. తమ్ముణ్ణి పక్కకి జరిపింది. మోకాళ్ళు మడిచి, వీపు నిటారుగా నిలిపి, పెట్టెని ఒక్క ఊపున రొమ్ముకెత్తుకుంది. మెట్లెక్కి, తండ్రిని రాసుకుంటూ పోయి, గదిలో దింపి వచ్చింది.

పాతికేళ్ళ పాతకాపు కూడా అంత శుభ్రంగా ఎత్తడు. మేస్త్రి నవ్వు సగంలో ఆగిపోయింది.

"నువ్వెందుకమ్మా ఎత్తడం? ఆ గంజాయి వెధవ సామాను వాణ్ణే మోసుకోనీ!"

"పొట్లం నాది నాన్నా, ఇనుమెత్తుతున్నది నేను, కాపలా వస్తున్నది వాడు."