రోజా ఆశయం

సాయిలక్ష్మి చేతిరాత ముచ్చటగా ఉంటుందని, పదో తరగతి వీడ్కోలు సభకు చార్టు రాసే పని టీచరమ్మ ఆమెకే అప్పగించింది. ఒక్కొక్కరి పేరు, హాబీ, ఆశయం అందులో రాయాలి.

సాయిలక్ష్మి ఆశయం డాక్టర్. క్లాసులో ఇంకో పద్దెనిమిది మందిదీ అదే. సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల ఊరు మైపాడు నుంచి వచ్చే రోజా మాత్రం ఓడ కెప్టెన్ అవుతానని రాసిచ్చింది. టీచరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, రోజా వీపు తట్టింది.

ఏటా ఫస్టు వస్తున్నా తన వీపు ఎవరూ అలా తట్టలేదు. సాయిలక్ష్మికి కడుపు మండిపోయింది. రోజా పేరు పక్కన ‘చేపల వ్యాపారం’ అని రాసి, సభ ముందురోజు అందరూ ఇళ్లకు వెళ్లాక చార్టు గోడకు అంటించింది.

సభ రోజు అందరికంటే ముందు రోజా నాన్న వచ్చాడు.

“నాకు చదువు రాదు పాపా. మా రోజా ఏమవతానని రాసిందో కాస్త చెప్తావా?”

సాయిలక్ష్మి చార్టులో రోజా పేరు పక్కన వేలు పెట్టి చూపించింది.

“ఓడ కెప్టెన్ అని, మామా” అంది.

ఆయన ఆ అక్షరాలను వేలితో తడిమాడు. కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి ఫోటో కొట్టాడు.

“మా ఊళ్లో అందరికీ చూపిస్తా. చదువొచ్చినోళ్ల చేత గట్టిగా చదివిస్తా!”